చిలక కొరికిన రిజిస్టరు

"రిజిస్టరు ముట్టుకోకండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ అప్పటికే ముట్టుకుంది. వద్దన్న వస్తువు మీదికే ఆవిడ చెయ్యి ముందు పోతుంది. చిన్నప్పుడు తల్లి చేత ఎన్ని మొట్టికాయలు తిన్నా ఆ చేతికి బుద్ధి రాలేదు, ఇప్పుడు యాభై దాటాక వస్తుందా? స్టేషన్లో ఆవిణ్ణి చాటుగా "బంక" అంటారు. కేసుకి ఒకసారి అంటుకుందంటే వేణ్ణీళ్ళు పోసినా ఊడి రాదని. ఆ పేరు ఆవిడ చెవిన పడనే పడింది. పడితే నొచ్చుకోకపోగా, లోలోపల మురిసిపోయింది.

"ముట్టుకోవడం కాదండీ, చీమల్ని దులుపుతున్నాను. మీ సాక్ష్యానికి చీమలు పట్టాయి."

ఇన్‌స్పెక్టర్ గతుక్కుమన్నాడు. ఆయన బల్ల మీద పెన్ను కూడా వంకరగా ఉండడానికి వీల్లేదు. అలాంటి బల్ల మీదికి కిటికీ గట్టు దిగి చీమలబారు ఒకటి దర్జాగా నడిచొచ్చి, నీలం అట్ట రిజిస్టరు మూల దగ్గర గుంపు కట్టింది.

"ఎవడో టీ ఒలకబోసి ఉంటాడు" అంటూ రుమాలు తీశాడు.

"టీ ఒలికితే బల్లంతా పాకాలి కదా? రిజిస్టరు మూలకే ఎందుకు పట్టాయంటారు?"

"చీమల మీద కేసు పెట్టమంటారా ఏమిటి?"

"అవసరమైతే పెడదాం."

అసలు సంగతి ఇది. బజారు చివర పెంపుడు జంతువుల షాపు ఒకటుంది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ గింజలక్క అంటారు. ఏ వేళ చూసినా జేబులో పిట్టల గింజలు గలగలలాడుతూ ఉంటాయి మరి. ఆవిడ దగ్గర ఒక డ్రాయింగు మాస్టారు కుక్కపిల్లని కొన్నాడు. అది ఆయన కొడుకుని కరిచి, రెండు రోజులు నానా యాతనా పడి చచ్చిపోయింది. పరీక్ష చేస్తే పిచ్చికుక్క రోగం అని తేలింది. వెంటనే సూదులు పడ్డాయి కాబట్టి పిల్లాడికి భయం లేదన్నారు డాక్టర్లు. గింజలక్కని మాత్రం నిన్నటినుంచి లాకప్‌లో కూర్చోబెట్టారు.

జంతువుల్ని అమ్మే షాపులకి ప్రభుత్వం పెట్టిన నియమం ఒకటుంది. షాపులోకి వచ్చిన ప్రతి ప్రాణికీ వరసగా ఒక నంబరు ఇవ్వాలి. అది ఎక్కడినుంచి వచ్చింది, ఏ టీకా పడింది, ఎవరికి అమ్మారు, వాళ్ళ చిరునామా ఏమిటి, చచ్చిపోతే ఎలా చచ్చింది, ఆ తర్వాత ఏం చేశారు, అన్నీ రిజిస్టరులోకి ఎక్కాలి. అధికారి వచ్చి అడిగితే అప్పటికప్పుడు చూపించాలి. చాలామంది ఇదంతా చాదస్తం అనుకుంటారు. ఒక కుక్కపిల్లకి ఇలాంటి రోగం తగిలిన రోజున గానీ తెలియదు, దానితో కలిసి పెరిగినవి ఇంకా ఏ ఇళ్ళల్లో, ఏ పిల్లల ఒళ్ళో ఉన్నాయో వెతకాలంటే ఆ పుస్తకమే దిక్కని.

"అందులో ఏముందో చదవనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, రిజిస్టరుని తన వైపు లాక్కుని. "నలభై ఒకటి, కుక్కపిల్ల. సంతలో పేరు తెలియని మనిషి దగ్గర కొన్నది. టీకా లేదు. అమ్మింది మాస్టారికి. నలభై రెండు, తెల్ల కుందేలు. రెండో రోజే చచ్చిపోయింది, పెరట్లో పూడ్చారు. నలభై మూడు, పిచ్చుకల జత. చాలా? ఊరూ పేరూ లేనివాడి దగ్గర కుక్కపిల్లని కొని, టీకా లేకుండా ఒక పసివాడి ఇంటికి పంపింది మీ గింజలక్క. సాయంత్రానికి కాగితాలు కోర్టుకి పోతాయి."

"కుక్కపిల్లలు రెండు అంటోంది ఆవిడ."

"లాకప్‌లో కూర్చున్నాక ఎవరైనా ఏదైనా అంటారు."

"రెండోది నిజంగా ఉంటే?"

"లేదు. రిజిస్టరులో లేదు." ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఉన్న చిన్న కవరు ఎత్తి చూపించాడు. అందులో పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద సూదితో కాల్చిన అంకెలు, నలభై ఒకటి. "చచ్చిపోయిన దాని మెడ బెల్టుకి ఉన్న బిళ్ళ ఇది. రిజిస్టరూ బిళ్ళా సరిపోయాయి. చేతిరాత షాపు రాతే. ఇంకేం కావాలి మీకు?"

ఇంతలో ఆయన ఫోను మోగింది. మనిషి ఒక్కసారిగా మెత్తబడిపోయాడు. "ఆఁ, చెప్పు తల్లీ... నీళ్ళు తాగకపోతే పాలు పట్టమను అమ్మని... ఎండలు కదా, నీరసంగా ఉంటుందిలే. పనిలో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా."

ఫోను పెట్టేసి మళ్ళీ ముఖం బిగించుకున్నాడు. "ఆవిడతో మాట్లాడండి, కాదనను. పది నిమిషాలు. పదకొండోది నాది."

గింజలక్క లాకప్‌లో బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఏడుపూ లేదు, పెడబొబ్బలూ లేవు. కళ్ళు మాత్రం నిప్పులు కక్కుతున్నాయి. డిటెక్టివ్ ఆవిణ్ణి చూడడం ఇదే మొదలు. పొద్దున్న ఆవిడ కూతురు ఆఫీసుకొచ్చి, "మా అమ్మ తప్పు చెయ్యదండీ, చేస్తే ముందు ఆవిడే వచ్చి చెప్పేస్తుంది" అని వెక్కి వెక్కి ఏడిస్తే ఈ కేసు ఒప్పుకుంది.

"మీరేనా మా అమ్మాయి పెట్టిన డిటెక్టివు?" అంది గింజలక్క. "నన్ను తర్వాత విడిపించుకోవచ్చు. ముందు ఆ రెండో కుక్కపిల్ల ఎక్కడుందో చూడండి తల్లీ. నాకు రాత్రంతా కంటి మీద కునుకు లేదు. వీళ్ళేమో దాన్ని నేను పుట్టించానంటారు."

"మొదటినుంచీ చెప్పండి. రెండూ ఎక్కడివి?"

"మా మరిది ఫారంలోవి. మా ఆయన తమ్ముడు. కుక్కల్ని పెంచుతాడు. ఒక ఈత పిల్లలే రెండూ. టీకాలు వేయించానని చీటీలు కూడా ఇచ్చాడు. నలభై ఒకటి, నలభై రెండు అని బిళ్ళలు నా చేత్తో నేనే కాల్చి కట్టాను."

"రెండోది ఎవరు కొన్నారు?"

"ఎవరో ఒకాయన. నవ్వుతూ మాట్లాడాడు. మేనకోడలి పుట్టినరోజుకి కానుక అన్నాడు. పేరూ చిరునామా చెప్పాడు, నేను చెవిన వేసుకోలేదు. చేతిలో కుందేలు ఉంది, గోళ్ళు తీస్తున్నాను. మా షాపులో చెప్పేది నేను, రాసేది మా మరిది. ఎప్పుడూ అంతే. నా చేతులు ఖాళీ ఉండవు కదా!"

చేతిరాత షాపు రాతే అన్న ఇన్‌స్పెక్టర్ మాట డిటెక్టివ్‌కి గుర్తొచ్చింది. షాపు రాత అంటే గింజలక్క రాత కాదన్నమాట.

"రిజిస్టరు ఎక్కడ పెడతారు?"

"గోడకి మేకుంది. దానికే వేలాడుతుంది. నిలబడే రాయడం. ఆ మేకు పక్కనే మా బూడిద చిలక స్టాండు. దొంగముండ, పేజీ పేజీకీ మూల కొరికి పెట్టింది! అధికారి వచ్చినప్పుడల్లా తిట్లు నాకు. మేకు మార్చవమ్మా అంటాడు ఆయన. ఎన్నేళ్ళ అలవాటు, మారుస్తామా?"

"ఆ చిలక ఇప్పుడెక్కడుంది?"

గింజలక్క ముఖం మొదటిసారి చిన్నబోయింది. "అమ్మేశాను. తొమ్మిదో తారీఖున. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. ఏడుస్తూ అమ్మాను, నమ్ముతారా? అది కూడా పోతూ పోతూ నా పేరు పెట్టి పిలిచింది."

"మరి కుక్కపిల్లలు వచ్చింది ఎప్పుడు?"

"ఆ తర్వాతి వారం."

డిటెక్టివ్ జేబు రుమాలుతో వేళ్ళు తుడుచుకుంది. ఇందాక చీమల్ని దులిపినప్పటినుంచీ ఆ వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటూనే ఉన్నాయి.

"ఆఖరి ప్రశ్న. కుక్క కరిచిన పిల్లాణ్ణి చూడ్డానికి మీరు ఆసుపత్రికి వెళ్ళారట కదా. అప్పుడు షాపులో ఎవరున్నారు?"

"మా మరిదే. నేను పదకొండింటికి వెళ్ళాను. వచ్చేసరికి పోలీసులు రిజిస్టరు పట్టుకుపోయారు. స్టేషన్లో తెరిచి చూపిస్తే నా గుండె గుభేలుమంది. అట్ట నాదే అనిపిస్తుంది, రాత మా మరిదిదే, లోపలున్న మాటలు మాత్రం నావి కావు. ఇది నా రిజిస్టరు కాదు మొర్రో అంటే, పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నన్ను ఉరి తియ్యమనండి, ఆ పుస్తకం నాదని మాత్రం చచ్చినా ఒప్పుకోను!"

"ఒప్పుకోకండి" అంది డిటెక్టివ్. "అదే మాట మీద ఉండండి."

ఇన్‌స్పెక్టర్ వరండాలో వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఒక పందెం వేస్తారా?" అంది ఆవిడ. "ఆ రిజిస్టరు పట్టుకుని నాతో షాపుకి రండి. అది దొంగ రిజిస్టరని అక్కడ చూపిస్తాను. చూపించలేకపోతే మళ్ళీ ఈ స్టేషను గుమ్మం తొక్కను. బంక పీడ మీకు శాశ్వతంగా విరగడైపోతుంది."

ఆ పేరు ఆవిడ నోటినుంచే వినేసరికి ఇన్‌స్పెక్టర్ నీళ్ళు నమిలాడు. ఎదురుగా వరండాలో ఇద్దరు కానిస్టేబుళ్ళు గోడ వైపు తిరిగి నవ్వాపుకున్నారు.

"శాశ్వతంగా?"

"రాసిమ్మంటే రాసిస్తాను."

"జీపెక్కండి" అన్నాడాయన.

షాపు తలుపు సగం తెరిచి ఉంది. లోపల మరిది బోన్లు కడుగుతున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, పొడుగు చేతుల చొక్కా, నెమ్మదైన మాట. పోలీసుల్ని చూడగానే గొట్టం కట్టేసి, చేతులు తుడుచుకుని, కుర్చీలు లాగాడు. కుడిచేతి చూపుడు వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"వదిన ఎలా ఉందండీ?" అన్నాడు. "అన్నం తిందా? నేను ఎన్నోసార్లు చెప్పాను, సంతలో కొనకు వదినా, నా దగ్గర పిల్లలుంటే ఎవరో దారినపోయేవాడి దగ్గర ఎందుకు అని. చవక అంటుంది. ఏం చెయ్యను? అన్నయ్య పోయాక ఆవిడ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు."

"పాపం" అంది డిటెక్టివ్.

కుర్చీలో కూర్చోలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళింది. మేకు అక్కడే ఉంది. దాని పక్కన ఖాళీ ఇనప స్టాండు. స్టాండు చుట్టూ గోడ సున్నం అరచేయంత మేర చెక్కేసినట్టు లేచిపోయింది. మేకు కింద నేల మీద, బోను చాటున, ఎప్పటెప్పటివో కాగితప్పొట్టు ముక్కలు. ఆవిడ వంగి ఒక ముక్క తీసి వెలుతురుకి పెట్టి చూసింది. ఎండిపోయి, గరగరలాడుతూ ఉంది.

"ఆ చిలక మహా అల్లరిదట" అంది.

"అబ్బో, మా ప్రాణాలు తీసేది" అని నవ్వాడు మరిది. "రాస్తుంటే పేజీ లాక్కునేది. మా రిజిస్టరు చూశారు కదా, ఒక్క మూల మిగల్లేదు. దాని ముక్కు గాట్లే మా షాపు ముద్ర అనుకోండి."

"చూశాను. అందుకే వచ్చాను." ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాపింది. "ఇలా ఇస్తారా?"

ఇన్‌స్పెక్టర్ ఫోను మళ్ళీ మోగింది. రిజిస్టరు ఆవిడ చేతిలో పెట్టి, పక్కకి తిరిగి గొంతు తగ్గించాడు. "మళ్ళీ ఏమైందమ్మా?... మంచం కిందనుంచి రావట్లేదా? అలిగిందేమోలే... కిటికీ తెర వేసి ఉంచితే మంచిదే. సాయంత్రం వచ్చి చూస్తా తల్లీ, నిజంగా."

డిటెక్టివ్ తల ఎత్తి ఆయన వీపు వైపు చూసింది. ఏదో అడగబోయి ఆగింది. ఒక పని మీద ఉన్నప్పుడు ఇంకోటి తలకెత్తుకునే అలవాటు ఆవిడకి లేదు. ఆ మాట మాత్రం చెవిలోనే ఉండిపోయింది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఇది చదవండి. పైకి చదవండి. తొమ్మిదో తారీఖు."

"బూడిద చిలక, నంబరు పన్నెండు. అమ్మకం. కొన్నవారు..." ఆయన విసుక్కున్నాడు. "చిలకని అమ్మారు. అయితే ఏమిటి?"

"తొమ్మిదో తారీఖున చిలక ఈ షాపు వదిలి వెళ్ళిపోయింది. అవునా? మీ రిజిస్టరే చెబుతోంది."

"అవును."

"ఇప్పుడు పేజీ తిప్పండి. పదో తారీఖు. మూల చూడండి. కొరికి ఉంది. ఇంకో పేజీ. పదిహేను. కొరికి ఉంది. మొన్నటి పేజీ, కుక్కపిల్ల చచ్చిపోయిందని రాసిన పేజీ. అదీ కొరికే ఉంది. లేని చిలక ఎలా కొరికిందండీ?"

ఇన్‌స్పెక్టర్ పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. తిప్పుతుంటే రెండు పేజీలు మూల దగ్గర అతుక్కుపోయి చిరచిరా ఊడాయి.

"ఎందుకు అతుక్కున్నాయో వాసన చూడండి."

ఆయన మొహమాటంగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "తేనె."

"మీ చీమలకి మనకంటే ముందే తెలిసింది. ఈ షాపులో చిలక కొరకడానికి తేనె రాయక్కర్లేదు, అది దాని సరదా. ముక్కూ మొహం తెలియని ఇంకో చిలక చేత, ఒక్క పూటలో పుస్తకమంతా కొరికించాలంటే మాత్రం ఏదో ఒకటి పూసి నోటికి అందించాలి." ఆవిడ మరిది వైపు తిరిగింది. "వేలికి ఏమైంది నాయనా?"

"బోను రేకు గీసుకుంది."

"విప్పు."

"ఎందుకండీ? చిన్న దెబ్బ..."

"విప్పమన్నానా!"

ఆ గొంతుకి బోనులో కుందేళ్ళు కూడా ఉలిక్కిపడ్డాయి. మరిది ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు, ఆయనైనా ఆదుకుంటాడేమోనని. ఆయన కూడా వేలే చూస్తున్నాడు. గుడ్డ విప్పాక గోరు పక్కన పైనొకటి కిందొకటి లోతుగా దిగిన గాట్లు కనిపించాయి, పట్టకారుతో నొక్కినట్టు. రేకు గీస్తే అలా ఉండదని చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు.

"మీ ఇంట్లో చిలక ఉందా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి ఆయన గొంతు మారింది.

"ఉం... ఉందండీ. పచ్చ చిలక. ఉంటే తప్పా?"

"ఆ లెక్క తర్వాత. అతి జాగ్రత్త తప్పు" అంది డిటెక్టివ్. "కొత్త పుస్తకం కొన్నావు. రాత నీదే కాబట్టి మొత్తం తిరగరాయడానికి నీకు అడ్డే లేదు. ఏళ్ళ తరబడి కొరికిన పుస్తకమే చూసిన కళ్ళు కదా, కొరక్కపోతే ఎవరైనా పట్టేస్తారని భయపడ్డావు. బయటివాడెవడైనా ఈ పని చేసి ఉంటే మూలల సంగతే తట్టేది కాదు, అవి శుభ్రంగా ఉండేవి. నీకు షాపు బాగా తెలుసు కాబట్టే దొరికిపోయావు. చిలక అమ్ముడుపోయిన సంగతి కూడా నువ్వే నీ చేత్తో రాసుకున్నావు!"

"ఇదంతా మీ ఊహ. మీ పప్పులు నా దగ్గర ఉడకవు" అన్నాడు మరిది. నెమ్మదితనం ఎటు పోయిందో పోయింది. "వదిన తప్పు చేసి నా మీదికి తోస్తోంది. కుక్కపిల్ల ఒక్కటే! అది సంతలోదే! రెండోది ఉంటే చూపించండి, ఎక్కడుంది?"

"అదే నేనూ అంటున్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. నుదురు తుడుచుకుంటున్నాడు గానీ పట్టు మాత్రం వదలడం లేదు. "రిజిస్టరు మార్చి ఉండొచ్చు మేడమ్, పందెం మీరే గెలిచారు, సరే. రెండో కుక్కపిల్ల ఉందనడానికి మాత్రం మీ దగ్గర ఏముంది? నలభై రెండు కుందేలు కాదని ఎలా చెప్పగలరు?"

"చచ్చిన కుందేలుకి కొన్నవాడు ఉండడు. వెళ్ళి అడగడానికి ఇల్లు ఉండదు. నలభై రెండుని దానికి కట్టబెట్టడంలోనే ఉంది కిటుకంతా. ఇంకా చూపించమంటారా?" ఆవిడ దగ్గరికొచ్చి నిలబడింది. గొంతులో ఇందాకటి కరుకు లేదు. "ఒక మాట అడుగుతాను, కోపగించుకోకండి. మీ ఇంట్లో పొద్దుటినుంచి నీళ్ళు తాగనిది ఎవరు?"

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"చెప్పండి. చీకట్లోకి, మంచం కిందకి దూరింది ఎవరు?"

"కుక్కపిల్ల. మా పాప పుట్టినరోజుకి మా బావమరిది..." ఆయన నోట మాట అక్కడే తెగిపోయింది.

మేనకోడలి పుట్టినరోజుకి కానుక. నవ్వుతూ మాట్లాడే ఒకాయన. గింజలక్క లాకప్‌లో చెప్పిన ఆ మాటల్నే, ఉత్త కట్టుకథ అని ఈ ఇన్‌స్పెక్టరే నిన్న తన చేత్తో కొట్టేశాడు.

"వాడు స్నేహితుడి ఇంట్లోంచి తెచ్చానన్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరికి చెబుతున్నాడో ఆయనకే తెలియదు. "కొన్నానంటే నేను తిడతానని... స్నేహితుడి ఇంట్లోది అన్నాడండీ."

"ఫోన్ చెయ్యండి. దాని దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దనండి ముందు. అందరికీ వినపడేలా పెట్టండి."

ఆయన రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి కలిసింది.

"నాన్నా! వస్తున్నావా?" అవతల పదేళ్ళ గొంతు.

"నువ్వెక్కడున్నావు తల్లీ?"

"మంచం పక్కనే. మబ్బుని పిలుస్తున్నా, రావట్లేదు. నోట్లోంచి సొంగ కారుతోంది నాన్నా. అరుపు కూడా ఎలాగో ఉంది, దానిలా లేదు."

"పాపా, లే. లేచి బయటికి రా. గది తలుపు మూసెయ్. ఇప్పుడే."

"ఎందుకు?"

"రమ్మన్నానా!"

అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది, కేక వేశాడని. డిటెక్టివ్ ఫోనుకి దగ్గరగా వంగి, తన మనవరాలితో మాట్లాడినంత మెల్లగా మాట్లాడింది. "అమ్మా, నేను మీ నాన్నగారి దోస్తుని. మబ్బు మెడ బెల్టుకి బిళ్ళ ఏమైనా ఉందా? నువ్వెళ్ళి చూడొద్దు. గుర్తుంటే చెప్పు చాలు."

"ఉంది. పసుపు రంగుది."

"దాని మీద ఏముంది?"

"అంకెలు. నలభై రెండు. మామయ్య అన్నాడు, అది మబ్బు రోల్ నంబరట."

ఇన్‌స్పెక్టర్ పక్కనున్న బోనుకి ఆనుకున్నాడు. రోజూ చీకటి పడ్డాకే ఇల్లు చేరే మనిషి, ఆ బిళ్ళని ఒక్కసారీ పట్టి చూడలేదు. బోనులో పిచ్చుకలు గగ్గోలు పెట్టాయి. కోర్టుకి పంపబోయిన రిజిస్టరు ఇంకా ఆయన రెండో చేతిలోనే ఉంది, నలభై రెండు చచ్చిపోయిన కుందేలని రాసి ఉన్న పేజీ తెరిచే ఉంది.

"తల్లీ" అన్నాడు. "మబ్బు నిన్ను కరిచిందా?"

"తిడతావా నాన్నా?"

"తిట్టను. ఒట్టు. చెప్పు."

"నిన్న ఆడుకుంటుంటే పన్ను తగిలింది నాన్నా. చేతికి. కొంచెమే. నీకు చెబితే దాన్ని పంపించేస్తావని అమ్మకి కూడా చెప్పలేదు."

ఆ మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. డిటెక్టివ్ ఫోను ఆయన చేతిలోంచి తీసుకుంది. పాప చేత తల్లిని పిలిపించింది. పన్ను తగిలిన చోట సబ్బు పెట్టి కుళాయి కింద పావుగంట కడగమంది. ఆ గది తలుపు ఎవరూ తియ్యకూడదంది. కడగడం అయిన వెంటనే, డ్రాయింగు మాస్టారి అబ్బాయి ఉన్న ఆసుపత్రికే తీసుకుపొమ్మంది. అవతలి తల్లి ఏడుపు మొదలుపెడితే గట్టిగా కసిరింది కూడా.

"ఏడవకండి, కడగండి. సూదులు ఇవాళే పడితే ఏమీ కాదు. రోగం బయటపడ్డాక అయితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. మీకు టైముంది. పదండి."

తర్వాత ఇన్‌స్పెక్టర్ భుజం పట్టుకుని తలుపు వైపు తిప్పింది. "మీరూ వెళ్ళండి. జీపులోంచి స్టేషన్‌కి ఫోన్ చేసి ఆవిణ్ణి బయటికి తియ్యమనండి. రాత్రంతా మీ పాప కోసమే నిద్రపోలేదావిడ, ఎవరి పాపో తెలియకపోయినా."

ఆయన రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ఏదో అనాలని పెదాలు కదిలాయి.

"తర్వాత అందురు గాని. వెళ్ళండి!"

జీపు వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర కానిస్టేబులు ఒక్కడు మిగిలాడు. మరిది గొట్టం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఇందాక ఎగిరెగిరి పడ్డ మనిషి ఇప్పుడు తల ఎత్తడం లేదు.

"ఇన్‌స్పెక్టర్ ఇంటికని నాకు తెలియదండీ" అన్నాడు.

"మాస్టారి ఇంటికైతే ఫరవాలేదా?"

అతను వేలికి గుడ్డ మళ్ళీ చుట్టుకోసాగాడు.

"తల్లికుక్కకి ఏమైంది?"

"వీధికుక్క ఒకటి గోడ దూకి కరిచింది. దాన్నీ, పక్కనున్న పిల్లల్నీ. తల్లి చచ్చిపోయింది. పిల్లలు బాగానే ఉన్నాయనుకున్నా. టీకా చీటీలు నేనే రాసుకున్నా. ఫారం లైసెన్సు పోతుందని... రిజిస్టరులో నా ఫారం పేరు ఉంది కదా."

"అసలు రిజిస్టరు ఏం చేశావు?"

"కాల్చేశాను."

డిటెక్టివ్ అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఆవిడకి కోపం నషాళానికి అంటి ఉంది, అయినా దాన్ని పళ్ళ బిగువున అదిమిపెట్టింది. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇందాకటినుంచి అది నాలుక మీదే ఆడుతోంది.

"ఆ ఈత మొత్తం ఎన్ని పిల్లలు?"

"అయిదు."

"షాపుకి వచ్చినవి రెండు."

"మిగతా మూడూ నేనే అమ్మాను. బుట్టలో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నా. స్కూలు వదిలిన వేళ. గంటలో అయిపోయాయి. నంబర్లు లేవు, బిళ్ళలు లేవు."

"ఎవరికి అమ్మావు?"

అతను గోడ వైపు చూశాడు. ఖాళీ మేకు. దాని పక్కన ఖాళీ స్టాండు.

"ఎవరికి?" అని మళ్ళీ అడిగింది.

"రాసుకోలేదు" అన్నాడు.